వడ్డీ ఎంతో మా లెక్కలో చెప్పండి: బ్యాంకర్లకు గుంటూరు నుంచి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ సభ్యులకు, గుంటూరు జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరు గారికి, ఈ ఊళ్లోని బ్యాంకు శాఖల, ఫైనాన్స్ కంపెనీల మేనేజర్లందరికీ నమస్కారములు.

అయ్యలారా, అమ్మలారా,

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్పై ఆరేళ్లు గుమాస్తాగా పద్దులు రాసి, ఇప్పుడు బ్రాడీపేటలో ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా లెక్క, తరుగు, రైతుల ఖాతాలు, వాటి మీద వడ్డీ, ఇవే నా చదువు. సాయంత్రాలు మా వీధివాళ్లు ఎవరో ఒకరు ఏదో ఒక కాగితం పట్టుకొచ్చి దీని సంగతేమిటో చూడమంటారు. అలా చూసిన కాగితాలే ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. నేను కోరేది ఒక్కటే. మీరు ఏడాదికి ఇంత శాతం అని రాసే ప్రతి చోటా, దాని పక్కనే అది నూటికి నెలకు ఎన్ని రూపాయల ఎన్ని పైసలో తెలుగులో రాయండి.

ఇది చాదస్తంగా కనిపించవచ్చు. ఏడాది శాతాన్ని పన్నెండు పెట్టి భాగిస్తే వచ్చేదానికి ఇంత ఉత్తరమా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు కూడా. కాని ఈ ప్రాంతంలో వడ్డీ అనేది పుట్టిందే నెల లెక్కలో. రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటే ఇక్కడ బడికి వెళ్లని మనిషికి కూడా క్షణంలో బోధపడుతుంది. నేను కొట్టులో రాసిన ప్రామిసరీ నోట్లన్నిటిలో ఒకటే వరుస ఉండేది: "ఇందుకు నెల 1కి నూటికి రు. 1-50 పై.ల చొప్పున వడ్డీ చేర్చి మీరు కోరినప్పుడు మీకు గాని మీ అనుమతి పొందినవారికి గాని చెల్లించగలవాడను." రెవెన్యూ స్టాంపు మీద సంతకమో వేలిముద్రో పడేముందు ఆ వరుసను రైతుకు పైకి చదివి వినిపించేవాళ్లం. మిగతా నోటులో ఏముందో ఆయన పట్టించుకునేవాడు కాదు గాని, ఆ ఒక్క అంకె దగ్గర మాత్రం చెవి రిక్కించేవాడు. ఒకటీ యాభై అనుకుని వచ్చినవాడికి ఒకటీ డెబ్బై అయిదు వినిపిస్తే కలం కింద పెట్టేసేవాడు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా ఇదే లెక్క అణాల్లో నడిచింది. పన్నెండణాల వడ్డీ ముప్పావలా వడ్డీ అయిందే తప్ప, నూరు, నెల అన్న రెండు గుంజలూ కదలలేదు.

మీ శాఖల్లోకి అడుగుపెట్టగానే ఆ గుంజలు మాయమవుతాయి. అక్కడ అన్నీ ఏడాది శాతాలు, ఫ్లాట్ రేట్లు (చివరిదాకా మొదటి అసలు మీదే వడ్డీ), రెడ్యూసింగ్ బ్యాలెన్సులు (తగ్గుతున్న అసలు మీద వడ్డీ), పైగా అన్నీ ఇంగ్లీషులో. అప్పు ఇచ్చేవాడి భాష ఒకటి, తీసుకునేవాడి భాష మరొకటి అయినప్పుడు ఎవరు నష్టపోతారో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ వేసవిలో జరిగిన సంగతి ఒకటి మనవి చేస్తాను. మా వీధి చివర పొద్దున్నే ఇడ్లీలు, పుణుగులు వేసి అమ్ముకునే ఒకావిడ కొత్త గ్రైండరు కోసమూ, కొడుకు కాలేజీ ఫీజు కోసమూ ఒక ఫైనాన్స్ సంస్థలో లక్ష రూపాయల అప్పు తీసుకుంది. ఆ సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. "బాబాయిగారూ, పది శాతమేనంటండీ, మన పక్కవాళ్లు రెండు రూపాయలు అడిగారు, నేను ముప్పావలా చిల్లరకి తెచ్చుకున్నాను" అని సంతోషంగా చెప్పింది. పదిని పన్నెండు పెట్టి భాగించి నూటికి ఎనభై మూడు పైసలని తనంతట తానే కట్టుకున్న లెక్క అది. అలా కట్టుకోగలిగిన మనిషిని తెలివితక్కువదని ఎవరూ అనలేరు. నెలకు 5,000 చొప్పున 24 నెలలు కట్టాలని, ప్రాసెసింగ్ రుసుము, దాని మీద జీఎస్టీ పోను చేతికి 97,640 రూపాయలు వచ్చాయని కూడా చెప్పింది.

నేను పాత అలవాటు కొద్దీ ఒక తెల్ల కాగితం తీసి గీతలు కొట్టాను. మొదట ఎనభై మూడు పైసలతో మొదలుపెట్టి 24 వరుసలు వేసుకుంటూ పోతే, చివరి వాయిదా రాకముందే అసలు తీరిపోయింది. రూపాయి వడ్డీతో వేశాను, అప్పుడూ ముందే తీరింది. రూపాయిన్నరతో వేస్తే చివరి వాయిదాలో కొంత భాగమే సరిపోయింది. రూపాయి డెబ్బై రెండు పైసల దగ్గరికి వచ్చాక గాని ఇరవై నాలుగో వాయిదాతో అసలు సున్నాకు దిగలేదు. మొదటి నెల 97,640 మీద వడ్డీ 1,679, అసలులో జమ 3,321, మిగిలింది 94,319. రెండో నెల వడ్డీ 1,622, జమ 3,378, మిగిలింది 90,941. ఆవిడ నా భుజం మీదుగా వంగి ఆ వరుసలు చూస్తూ, మూడో వరుస దగ్గర, "అయితే రెండు రూపాయలవాడికీ వీళ్లకీ తేడా పావలానేనా అండీ" అంది.

కిటుకు ఎక్కడుందో మీకు తెలుసు. లక్షకు ఏడాదికి పది వేలు, రెండేళ్లకు ఇరవై వేలు అని ముందే కలిపి, లక్షా ఇరవై వేలను 24 పెట్టి భాగించారు. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటిరోజు లక్ష మీదే నడిచింది. నిజంగా పది శాతానికే, తగ్గుతున్న అసలు మీద లెక్క కట్టి ఇస్తే, లక్షకు నెల వాయిదా 4,615 రూపాయలు అయ్యేది. మా లెక్కలో ఎనభై మూడు పైసల వడ్డీ అంటే అదీ. ఆవిడ దగ్గర నెలకు 385 రూపాయలు ఎక్కువ తీసుకుంటూ, దానికీ పది శాతమనే పేరు పెట్టారు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టినది మరొకటి. ఆ సంస్థ ఇవ్వవలసిన కాగితం ఇవ్వకుండా మానలేదు. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న జారీచేసిన ఉత్తర్వు ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలన్నిటికీ, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. అందులో రుసుములన్నీ కలుపుకుని ఏడాదికి ఎంత శాతం పడుతుందో, ఏపీఆర్ అనే పేరుతో, చూపాలి. ఆవిడ ఫోనులో ఆ కాగితం ఉంది. అందులో ఏపీఆర్ 20.6 అని ఉంది. పన్నెండు పెట్టి భాగించి చూడండి, నా 24 వరుసలు తేల్చిన రూపాయి డెబ్బై రెండు పైసలే వస్తుంది. అంటే నిజం ఆవిడ చేతిలోనే ఉంది, కాకపోతే ఇంగ్లీషులో, పీడీఎఫ్‌లో, అయిదో పేజీలో ఉంది. నోటిమాటగా చెప్పింది పది, కాగితం మీద రాసింది 20.6. ఆవిడ విన్నది నోటిమాటను.

ఆ ఉత్తర్వులోనే మరి రెండు సంగతులున్నాయి. ఆ కాగితం రుణం తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. దానిలోని విషయాలు వివరించి, అర్థమైందని వారి నుంచి ధ్రువీకరణ తీసుకోవాలి. వారం, అంతకు మించిన గడువున్న రుణమైతే, ఆ షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుబాటులో ఉండాలి, అంటే ఇంటికి తీసుకెళ్లి నలుగురికి చూపించుకుని రావడానికి రుణగ్రహీతకు హక్కుంది. గుంటూరులో ఎన్ని శాఖల్లో ఆ కాగితం తెలుగులో ఇస్తున్నారు, ఎన్నిచోట్ల మూడు రోజులు ఆలోచించుకోమంటున్నారు? నా దగ్గరకు వచ్చిన కాగితాల్లో మాత్రం తెలుగు అక్షరం ఉన్నది ఒక్కటే కనబడింది, అది సంతకం. పెన్సిలుతో టిక్కులు పెట్టి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంటూ సంతకాలు చేయించుకునే పద్ధతిని వివరించడం అనరు.

జనానికి వాళ్ల లెక్కలో చెబితే ఏమవుతుందో మన రాష్ట్రానికి తెలియని సంగతి కాదు. 2004లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వయం సహాయక సంఘాల మహిళలకు ఏడాదికి మూడు శాతం వడ్డీకే రుణం పడేలా ఒక పథకం పెట్టింది. దానికి మూడు శాతం వడ్డీ పథకమని పేరు పెట్టి ఉంటే ఎందరికి గుర్తుండేదో గాని, పావలా వడ్డీ అన్నారు. ఆ రెండు మాటల్లో రేటు ఉంది, లెక్క ఉంది, ఊళ్లో నడిచే రెండు రూపాయలతో పోలిక కూడా ఉంది. చదువురాని సభ్యురాలు కూడా తన సంఘం పుస్తకంలో పావలా దాటితే ఎందుకు దాటిందని నిలదీయగలిగింది. ఆ పథకం మంచిచెడ్డల గురించి ఎవరి అభిప్రాయాలు వారికి ఉండవచ్చు, ఆ పేరు పెట్టినవారికి మాత్రం నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

సరిగ్గా అదే కాలంలో దీనికి వ్యతిరేకమైనది కూడా ఇక్కడే జరిగింది. వారంవారం వసూలు చేసే మైక్రోఫైనాన్స్ సంస్థలు పన్నెండు, పదిహేను శాతమని ఫ్లాట్ రేట్లు చెప్పి, నిజానికి దానికి రెట్టింపుకు దగ్గరగా రాబట్టాయి. 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం అలాంటి శాఖలను సుమారు యాభై మూయించింది. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థల కట్టడికి ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. ఆ గొడవకు కారణాలు చాలా ఉన్నాయి, వసూళ్ల దౌర్జన్యం వాటిలో పెద్దది. అయినా తీసుకున్న మనిషికి తాను ఎంత వడ్డీకి తీసుకుందో తెలియకపోవడమే మొదటి మెట్టని నా నమ్మకం.

ఇక నా సంగతి. ముప్పై ఆరేళ్లు వడ్డీలు కట్టినవాణ్ణి నేనే మోసపోయానంటే నవ్వుతారని ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్ల కిందట కొట్టు మానేసినప్పుడు యజమాని ఇచ్చిన డబ్బు, నేను దాచుకున్నది కలిపి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని ఒక బ్యాంకు శాఖకు వెళ్లాను. కౌంటరు వెనకాల కూర్చున్న అబ్బాయి, మర్యాదస్తుడే, కాఫీ తెప్పించాడు. "డిపాజిట్‌లో ఏడే వస్తుందండీ, ఇందులో ఏటా లక్ష చొప్పున పదేళ్లు కడితే పదిహేనో ఏట పదహారు లక్షలు, పదికి పదహారు, అరవై శాతం" అన్నాడు. ఏడు, అరవై. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టాక నా బుర్ర పనిచేయలేదు. సంతకం చేశాను. అది డిపాజిట్ కాదు, బీమా పాలసీ అని రెండో ఏడాది లక్ష కట్టమని ఫోను వచ్చినప్పుడు గాని తెలియలేదు.

అప్పుడు కూర్చుని లెక్క కట్టాను. ఏటా లక్ష చొప్పున పదిసార్లు కట్టి, పదిహేనో ఏడాది చివర పదహారు లక్షలు తీసుకుంటే, చక్రవడ్డీ మీద అది ఏడాదికి నాలుగున్నర శాతం. నూటికి నెలకు ముప్పై ఏడున్నర పైసలు. నేను వద్దనుకున్న ఏడు శాతం డిపాజిట్ యాభై ఎనిమిది పైసలు. ఆ అబ్బాయి ఏడు, అరవై అనకుండా యాభై ఎనిమిది పైసలు, ముప్పై ఏడు పైసలు అని ఉంటే నేను కాఫీ తాగి లేచి వచ్చేవాణ్ణి. నచ్చకపోతే పాలసీ వెనక్కి ఇచ్చేయడానికి అప్పట్లో ఉన్న గడువు పదిహేను రోజులు, అది దాటి ఏడాదయింది. (2024 నుంచి ఆ గడువును ముప్పై రోజులు చేశారు, ఇది చదివేవాళ్లకైనా పనికొస్తుందని రాస్తున్నాను.) డబ్బు పోకూడదని రెండో లక్ష కూడా కట్టి, మూడో ఏట ఇక చేతకాక వదిలేస్తే, రెండు లక్షలకు డెబ్బై వేల చిల్లర చేతికి వచ్చింది. మిగిలిన సొమ్ము పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకంలో పెట్టుకున్నాను. 2025లో దాని వడ్డీ 8.2 శాతం, అంటే అరవై ఎనిమిది పైసలు. అక్కడ ఎవరూ కాఫీ ఇవ్వలేదు.

బీమాకు నేను వ్యతిరేకిని కాను. మీ శాఖల్లోనే ఏడాదికి 436 రూపాయలకు రెండు లక్షల జీవిత బీమా, 20 రూపాయలకు రెండు లక్షల ప్రమాద బీమా దొరుకుతున్నాయి. మా ఇడ్లీలావిడకు ఆ రెండూ నేనే రాయించాను. వాటి గురించి మీ కౌంటర్లలో ఎవరూ తమంతట తాము చెప్పరు. ఎందుకు చెప్పరో మీకూ నాకూ తెలుసు గనుక ఆ విషయం ఇంతటితో వదిలేస్తాను.

ఒకే కొలత ఉంటే ఇంటి నిర్ణయాలు ఎంత తేలికవుతాయో చూడండి. నేను అప్పు లెక్క కట్టిన రోజున ఆవిడ పొదుపు ఖాతాలో అరవై వేలు ఉన్నాయి. పెద్ద బ్యాంకులు చాలావాటిలో 2025 నుంచి పొదుపు ఖాతా వడ్డీ రెండున్నర శాతం, అంటే నూటికి దాదాపు ఇరవై ఒక్క పైసలు. అరవై వేలకు నెలకు 125 రూపాయలు వస్తుంటే, అదే అరవై వేలు అప్పుగా తెచ్చినందుకు మొదటి నెల 1,032 రూపాయలు కడుతోంది. శాతాల్లో చెబితే రెండున్నరకూ, పదికీ మధ్య ఏదో తేడా ఉందని మాత్రమే తెలుస్తుంది. "అమ్మా, నీ డబ్బు వాళ్లకు ఇరవై పైసలకు ఇచ్చి, వాళ్ల డబ్బు నూట డెబ్బై పైసలకు తెచ్చుకుంటున్నావు" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ అరవై వేలూ తీసి కట్టెయ్యమని నేను అనలేదు, ఒంట్లో బాగుండక పదిరోజులు బండి పెట్టకపోతే చేతిలో ఏదో ఉండాలి. ఇరవై వేలు ఉంచుకుని, మిగతాది ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో కనుక్కుని అసలులో కట్టమన్నాను. మెడలో ఉన్న నాలుగు సవర్ల గొలుసు మీద బ్యాంకులో తొమ్మిది పది శాతానికి, అంటే ముప్పావలా ఎనభై పైసలకు, మొదటే తెచ్చుకుని ఉండవలసింది. గొలుసు కుదువపెట్టడం నామోషీ అనుకుంది. ఆ నామోషీ ఖరీదు నెలకు నూటికి తొంభై పైసలని ముందే తెలిస్తే ఏం చేసేదో నాకు తెలియదు, కాని తెలిసి చేసేది.

రైతుకైతే ఇది ఇంకా సూటిగా తగులుతుంది. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ ఏడు శాతం, గడువులోగా కడితే మూడు శాతం రాయితీ పోను నాలుగు. "గడువు లోపల కడితే ముప్పై మూడు పైసలు, ఒక్కరోజు దాటినా యాభై ఎనిమిది" అని పాస్‌బుక్కు మొదటి పేజీలో రాసి చూడండి. మిర్చి ధర పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకుని కూర్చున్న రైతు, అద్దె, తరుగు, వడ్డీ, మూడూ నెల లెక్కలోనే చూసుకుని అమ్మాలా ఆగాలా అని తేల్చుకుంటాడు. అద్దె నెలల్లో, వడ్డీ ఏడాదిలో చెబితే ఆ మూడింటినీ కలపలేక, పక్కవాడు ఏం చేస్తే అదే చేస్తాడు.

చదువుకున్నవాళ్లకు ఈ గొడవ ఉండదనుకోకండి. మా మేనల్లుడి కొడుకు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగి, కామర్సు పట్టభద్రుడు. పటమటలో రెండు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్లను రక్తం పీల్చేవాళ్లని తిడతాడు. అతని క్రెడిట్ కార్డు మీద నలభై వేలు బాకీ నడుస్తోంది. కనీస మొత్తం కట్టేస్తే చాలుననుకుని నెలకు రెండు వేలు కడుతున్నాడు. ఆ కార్డుకు వడ్డీ నెలకు మూడున్నర శాతం. చిత్రమేమిటంటే, మీరు మా నెల లెక్కను ముందుకు తెచ్చే చోటు ఇదే, ఎందుకంటే ఏడాది లెక్కలో నలభై రెండు అని ముందే చెబితే భయపడతారు గనుక. మూడున్నర రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. నలభై వేలకు 1,652 రూపాయలు. అతను కట్టే రెండు వేలల్లో అసలుకు జమ అయ్యేది మూడు వందల నలభై ఎనిమిది. "తాతయ్యా, ఇది శాతం కదా, వడ్డీ వ్యాపారం కాదు కదా" అన్నాడు మొదట. ఆ అమాయకత్వం అతనిది కాదు, మాట అలా మారిపోయింది.

మా వైపు తప్పులు దాచను. రూపాయల వడ్డీ అనేది కూడా పతివ్రతేమీ కాదు. మొదటి నెల వడ్డీ ముందే పట్టుకుని ఇవ్వడం, నోటు మీద రెండు రాసి చేతిలో మూడు పుచ్చుకోవడం, మూడేళ్లు నిండబోతున్న నోటును వడ్డీ అసలులో కలిపి తిరగరాయించడం, ఇవన్నీ నా కళ్ల ముందు జరిగినవే. కొన్ని నా చేతి రాతతోనే జరిగాయి. కూరగాయల బజారులో రోజువారీ ఫైనాన్సువాళ్లు పది వేలకు వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా పోయిందనుకుంటారు తీసుకున్నవాళ్లు, కాని రోజూ అసలు తీరుతోంది గనుక అది నెలకు నూటికి ఆరు రూపాయలు దాటిన వడ్డీ. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వడ్డీ వ్యాపారుల దురాగతాలను దేశమంతా చూసింది. అక్కడికి జనం ఎందుకు వెళ్లారంటే అవసరం ఒక కారణం, అడిగిన గంటలో డబ్బు రావడం మరో కారణం. వాళ్లు మాట్లాడే భాష వీళ్లకు తెలిసిన భాష కావడం మూడోది. ఆ మూడోదాన్ని వాళ్ల చేతిలోంచి లాక్కోవడం మీకు పైసా ఖర్చు లేని పని.

మీ అభ్యంతరాలు నేను ఊహించగలను. కాగితాల నమూనా ముంబై నుంచి వస్తుంది, మార్చే అధికారం శాఖకు లేదంటారు. నమూనాను మార్చమని నేను అనడం లేదు. ఏపీఆర్ ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి, దాని పక్కన ఒక రబ్బరు స్టాంపు వేసి, నాలుగు ఖాళీలు పెన్నుతో నింపండి. నెల లెక్క చెబితే జనం తక్కువనుకుని మోసపోతారని మరొకరు అనవచ్చు. కార్డుల విషయంలో ఆ మాట నిజమే, అందుకే రెండూ పక్కపక్కన ఉండాలంటున్నాను. పట్టణాల్లో ఈ లెక్క తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారన్న మాట కొంతవరకు ఒప్పుకుంటాను. కాని ఇడ్లీలావిడ ఎనభై మూడు పైసలని తనంతట తాను కట్టుకుని వచ్చింది చూశారా, ఆవిడ వయసు నలభై దాటలేదు.

ఫిబ్రవరి నెలలో మీరు ఆర్థిక అక్షరాస్యత వారమని జరుపుతారు. బ్యానర్లు కడతారు, పిల్లలకు క్విజ్ పోటీలు పెడతారు. మంచిదే. కాని ఇక్కడ అక్షరాస్యత కావలసింది ఒక్క జనానికేనా అన్నది నా సందేహం. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. ఈ గుంటూరే కేంద్రంగా నడిచిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. బోర్డులు మారాయి, సిబ్బంది రాష్ట్రాలు దాటి వస్తున్నారు. కౌంటరులో ఉన్న అమ్మాయికి తెలుగు రాకపోవడం ఆమె తప్పు కాదు. రూపాయిన్నర వడ్డీ అంటే ఎంతో ఆమెకు ఉద్యోగంలో చేరిన వారంలో నేర్పకపోవడం మాత్రం మీ తప్పు.

కనుక వచ్చే త్రైమాసిక సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాను. ముందుగా గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల్లో ఆరు నెలలు చేసి చూడండి. శాఖ గుమ్మంలో వడ్డీ రేట్ల బోర్డు మీద ఇంకో నిలువు వరుస గీయించి, పొదుపు ఖాతా దగ్గరనుంచి క్రెడిట్ కార్డు దాకా నూటికి నెలకు ఎంతో రాయించండి. అప్పు ఇచ్చేటప్పుడు తెలుగులో కాగితం ఇచ్చి, మూడు రోజులు ఇంట్లో చదువుకోమని నోటితో చెప్పండి. డిపాజిట్ కోసం వచ్చినవారికి మరేదైనా అమ్మేటప్పుడు, మొదటి పేజీ నెత్తిన, వేలెడంత అక్షరాలతో, "ఇది డిపాజిట్ కాదు" అని తెలుగులో అచ్చు వేయండి. స్టాంపు మీద ఏం రాయాలో నేను రాసి పంపుతున్నాను, మీకు నచ్చినట్టు దిద్దుకోవచ్చు:

"రుసుములన్నీ కలుపుకుని ఈ అప్పుకు వడ్డీ నూటికి నెలకు ___ రూపాయల ___ పైసలు. మీ చేతికి వచ్చేది ___ రూపాయలు. మీరు మొత్తం కట్టేది ___ రూపాయలు."

మూడు వాక్యాలు, నాలుగు ఖాళీలు. ప్రామిసరీ నోటుకు పట్టినంత జాగా కూడా పట్టదు. అరండల్‌పేటలో ఒక రబ్బరు స్టాంపుల దుకాణంలో అడిగాను, రెండు వందల యాభై రూపాయలకు చేసి ఇస్తానన్నాడు. మొదటి శాఖకు ఆ ఖర్చు నాది. ఆ ఖాళీలు నింపడం సిబ్బందికి నేర్పడానికి మనిషి కావాలంటే, సాయంత్రం నాలుగు దాటాక నేను ఖాళీగానే ఉంటాను.

ఇట్లు,
భవదీయుడు,
కమీషన్ కొట్టు విశ్రాంత గుమాస్తా,
బ్రాడీపేట, గుంటూరు.